పళ్ళ డాక్టరు గడ్డి

ఏప్రిల్ 28
ఎదురింటి నార్బర్ట్ తన ఇంటి ముందు లాను గడ్డికి ఈ ఏడు మొదటి విడత యూరియా చల్లాడు. మిల్వాకీలో పళ్ళ డాక్టరుగా చేసి రిటైరై ఇక్కడికొచ్చినవాడు. చేతులకు గ్లవ్స్, మూతికి గుడ్డ. తర్వాత గంటసేపు నీళ్ళు కొట్టాడు. తడపకపోతే సగం గాలిలో కలిసిపోతుంది ఆర్విన్ అని రోడ్డవతల నుంచి అరిచాడు. నేనడగలేదు.

మే 9
మేపుతాడు. గడ్డి పెరిగిందని కోస్తాడు. కోసింది సంచుల్లో కట్టి రోడ్డు పక్కన పారేస్తాడు. మళ్ళీ మేపుతాడు. నలభై ఏళ్ళు ఆవులను సాకాను, ఇంత దండగ పోషణ చూడలేదు. ఆవైతే పాలన్నా ఇచ్చేది.
సంచులు నేనే తెచ్చుకున్నాను. పదకొండేళ్ళుగా తెస్తున్నాను. బోరు పక్కన కుప్ప నా నడుం దాటింది. టమాటాలకు ఇంకేం కావాలి.

మే 10
కుప్పలో చెయ్యి పెట్టి చూశాను. కాలింది.

మే 21
మనవరాలు కెల్సీ ఫోన్ చేసింది. రెండు నెలల కూతురు ఓడ్రీని తీసుకుని వేసవంతా ఇక్కడ ఉంటుందట. నేనింకా ఆ పిల్లను ఎత్తుకోలేదు. తాగేది నీళ్ళలో కలిపే డబ్బా పాలు, నీ బోరు నీళ్ళు టెస్ట్ చేయించు తాతా అంది. ఈ నీళ్ళు తాగే మీ నాన్న ఆరడుగులయ్యాడన్నాను. కాగితం వస్తేనే బయల్దేరతానంది.

జూన్ 3
కాగితం వచ్చింది. నైట్రేట్ పంతొమ్మిది. ఎరువుల నుంచి నీళ్ళలోకి దిగేదట. పది దాటకూడదట. దాటితే పసిపిల్లలకు ఒళ్ళు నీలమవుతుందట. మరిగించి పోస్తాలే అన్నాను. మరిగిస్తే నీళ్ళు ఆవిరై పోతాయి తాతా, అది పోదు, ఇంకా చిక్కనవుతుంది అంది కెల్సీ. రానంది.
ఇన్నేళ్ళలో నార్బర్ట్‌తో పది మాటలు మాట్లాడి ఉండను. ఇవాళ వెళ్ళాను. నీ గడ్డి నా బోరును చంపిందన్నాను. కౌంటీ ఆఫీసు వాళ్ళను పిలుద్దాం, నా నీళ్ళూ టెస్టుకు పంపిస్తా అన్నాడు. నవ్వాడు. పళ్ళు కూడా లానులాగే ఒక్క ఎత్తున ఉన్నాయి.

జూన్ 11
కౌంటీ నుంచి బెర్నడీన్ అనే ఆవిడ వచ్చింది. నార్బర్ట్ బోరులో మూడట. మూడు!
కొంచెం కొంచెంగా వేసి తడిపితే చాలావరకు గడ్డే తాగేస్తుందట. కొంత వేళ్ళ దగ్గర మట్టిలో ఇరుక్కుంటుందట. కిందికి దిగేది తక్కువేనట. మరి గడ్డి తాగిందంతా ఎక్కడికి పోయినట్టు అన్నాను, గెలిచినవాడిలా.
ఆవిడ నా కుప్ప దగ్గరికి నడిచింది. అక్కడి నుంచి బోరు దాకా అడుగులు వేసింది. ఎనిమిది. కింద అంతా ఇసుక. గడ్డి తాగిందంతా ఇక్కడే కుళ్ళి, ప్రతి వానకూ నీళ్ళలోకి దిగుతోంది, ఎన్నేళ్ళ నుంచి వేస్తున్నారు పెద్దాయనా అంది.
నార్బర్ట్ నవ్వలేదు. ఆ సంచులు చెత్త బండి వాళ్ళు పట్టుకెళ్తున్నారనుకున్నానే ఇన్నాళ్ళూ అన్నాడు. నవ్వి ఉంటే బాగుండేది.
కుప్ప తీసేసినా నీళ్ళు బాగుపడడానికి ఏళ్ళు పడుతుందట.

జూన్ 12
కుప్ప తవ్వుతున్నాను. అడుగున నల్లగా, మెత్తగా, బంగారంలా ఉంది. అదే ఒళ్ళు మండిస్తోంది.

జూన్ 19
నార్బర్ట్ గారింట్లో నీళ్ళు పట్టుకోవచ్చుగా తాతా అంది కెల్సీ. చచ్చినా అడగనన్నాను. వెనక పాప ఏడుస్తోంది. ఫోన్ పెట్టేయబుద్ధి కాలేదు.

జూన్ 20
పాత పాల క్యాను రెండుసార్లు తోమి తీసుకెళ్ళాను. అడగడానికి ఒక మాట సిద్ధం చేసుకున్నాను, అవసరం పడలేదు. క్యాను చూసి కుళాయి తిప్పాడు. గడ్డి మీద నడవకు, నిన్ననే చల్లానన్నాడు. నిండు క్యాను మోసుకుంటూ చుట్టూ తిరిగొచ్చాను. మూర్ఖుడు. ఏ మూర్ఖుడో రాయను.

జూలై 2
కెల్సీ, పాప వచ్చారు. నార్బర్ట్ నీళ్ళతో కలిపిన పాలు ఓడ్రీ సీసా మొత్తం తాగింది. గంటకోసారి గోళ్ళు చూస్తున్నాను. గులాబీ రంగే.
రోడ్డు పక్కన రెండు సంచులున్నాయి. అటు చూడలేదు.