గేటు ముందు చెంపదెబ్బ

2012, ఆదివారం. చిక్కడపల్లి.

మా రవికి సర్కారు నౌకరీ వచ్చింది! నా బంగారు కొండకు!

రెండుసార్లు పరీక్ష గేటు దాకా పోయి, కడుపునొప్పి అని వెనక్కి వచ్చిన కొడుకు వీడేనా! ఆ నొప్పి ఉత్తదేనని ఇవాళ వాడే చెప్పాడు. "రాసి ఫెయిలైతే నాకు చాతగాదని తేలిపోతది నాయినా. రాయకపోతే తేలదు గద."

అందుకే ఈసారి, అశోక్‌నగర్ గదిలో తనతో ఉండే మా అక్క కొడుకు శ్రీనును ముందే అడిగాడట: "నేను మళ్ళా వెనక్కి తిరిగితే కొట్టు బావా." నారాయణగూడలో పరీక్ష సెంటరు గేటు ముందు నిజంగానే వెనక్కి తిరిగాడు. శ్రీను అందరూ చూస్తుండగా చెంప పగలగొట్టాడు. "పోతవా, ఇంకోటి తింటవా?" అని లోపలికి నెట్టి, గేటు మూసేదాకా కదల్లేదట.

శ్రీనుదీ అదే పరీక్ష, సెంటరు దోమలగూడలో. పరుగెత్తి పోయేసరికి అక్కడా గేటు మూశారు. వాడికి అదే ఆఖరిసారి, వయసు దాటిపోయింది.

దేవుడా, అయినా నా సంతోషం ఆగడం లేదు.

రేపు పొద్దున్నే చెప్పాలి: మొట్టమొదట తమ్ముడికి, "వీడు గేటు దాకనే మొగోడు" అని చుట్టాల పెళ్ళిలో నవ్వాడు కదా. వరంగల్ బావమరిదికి. పెద్ద వదినకు. చిన్నమ్మకు.

అక్కకు.

అక్క ఇంటికి మిఠాయి పట్టుకుపోవాలా, వద్దా?