కలశంలో వేసే రూపాయి

జగ్గయ్యపేట

దిలీప్,

పేరు ముందు ‘చిరంజీవి’ అని రాయడానికి చెయ్యి రాలేదు.

మొన్న నందిగామలో నువ్వు మురిసిపోతూ చూపించిన వెండి రూపాయి, రాఘవమ్మ పిన్ని ఏటా వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసేది. బాబాయి మందుల కోసం, పాత నాణెంగా దాని విలువ తెలియక, ఆన్‌లైన్ వేలంలో వెండి తూకం ధరకే పెట్టింది.

“పిన్ని పేరు చూసే ఫ్రెండ్ పేరు మీద పాడా అక్కా! పసుపు మరకలుంటే చాలు, వాళ్లకి రేటు తెలీదని అర్థం” అని నవ్వావు.

ఈ పొద్దున పిన్ని ఇంకో రూపాయి తెచ్చింది.

“దిలీప్‌కి ఇవన్నీ బాగా తెలుసంటగా. మోసపోకుండా వాణ్ణే ధర అడగవే” అంది.

ఆదివారం ఆవిడని తీసుకుని వస్తున్నా. ఆ ధరేదో ఆవిడ మొహం చూసి నువ్వే చెప్పు.

అక్క