మడతబందు పక్కన రేకు

మార్చి 1, 1959. ఆదివారం

గడి నుంచి మనిషొచ్చిండు. చిన్నదొర కబురు— పదిహేను నాడు గడిల సామాను హర్రాజట. కుర్చీలు, గడియారాలు, పటాలు, వెండి. వెండంత నేను తోమి పెట్టాలె. హర్రాజు నాడు పక్కన నిలబడి ఏది ఎవరి పనో, ఎన్నేండ్లదో నలుగుట్ల చెప్పాలె. మునుపు గిసొంటియి బాపు చెప్పెటోడు. రెండేండ్లాయె ఆయిన పోయి. ఇగ నేనే.

సరే అన్న. మనిషి వాకిలి దాటినంక యాదికొచ్చింది— పాందాన్.

చేతుల పట్కారు కిందవడ్డది.

మార్చి 2

కాయితం మీద పెడితెనన్న దడ తగ్గుతదేమో.

పన్నెండేండ్ల కిందటి ముచ్చట. గడిల పాందాన్, ఆకువక్కలు పెట్టుకునే పెట్టె, మా తాత చేసింది. వెండి తీగపని. మూత మీద పదహారు రేకుల పువ్వు, రేకుకు ఏడు చుట్లు. పెద్దదొర దాన్ని గప్‌చుప్‌గ పట్నం సేఠుకు అమ్మిండు. పెండ్లానికి ఎరుక గావద్దని అచ్చం అసొంటిదే ఇంకోటి చేయమన్నడు. అసలు పట్నం పోవాలె, నకలు గడిల ఉండాలె.

బాపు, నేను కూసొని చేసినం. రెండు నెల్లు. నాకు పంతొమ్మిదేండ్లు. తీగ నేనే గుంజిన, చుట్లు నేనే చుట్టిన. ఒక్క రేకు మాత్రం బాపు నా చేతులకెళ్ళి గుంజుకున్నడు. మూతను పట్టుకునే మడతబందు పక్కది. దానికి ఆరే చుట్లు పెట్టిండు. "నకలుకు గుర్తు పెట్టకుంటే చేతికి పాపంరా" అన్నడు. అయినంక నా చెయ్యి సుత్తె మీద పెట్టి ఒట్టేయించుకున్నడు. ఎవ్వరికి చెప్పద్దు.

ఇప్పుడు పెద్దదొర లేడు. బాపు లేడు. నా నకలును తాత పని అని నేనే నిలబడి చెప్పాలె. ఏం ఖర్మ ఇది!

మార్చి 4. బుధవారం

మంథని బస్సుల పోయి దిగిన. గడిల సగం అర్రలకు తాళాలు. పెద్దదొరసాని బయటికొచ్చింది. మనిషి సగమైంది. చేతుల ఎర్రగుడ్డ మూట.

"లక్ష్మయ్యా, కడమదంత మా మరిదిది. గిదొక్కటే నాది. నా పెండ్లికి మా మామ పెట్టిండు."

మూట ఇప్పలే. ఆఖరుకు తోముదువుగని అన్నది.

"గిది మంచిగ పోతే కరీంనగర్ల రెండర్రల ఇల్లు తీసుకుంట. తలుపు నేనే తెరుస్త, నేనే ఏస్త. మరిది మొకం చూసుకుంట కూసునేది ఉండదు... నీ నోటి మీదున్నది బిడ్డా."

మంచినీళ్ళడిగిన.

వచ్చేటప్పుడు చిన్నదొర జాబితా చదివిండు— ఎవరెవరు వస్తుండ్రని. పట్నం సేఠు పేరు గూడ ఉన్నది. పాందాన్ కొన్నది గా సేఠే. ఇప్పుడు వస్తున్నది ఆయిన కొడుకు. ఆయినింట్లనే అసలుది ఉన్నది! వచ్చి గడిలది చూస్తే ఊకుంటడా?

మార్చి 5

ఎట్ల? ఎట్ల?

మార్చి 6. శుక్రవారం

రాసిన. కార్డు గాదు, కవరు. కార్డైతే డాకోడు చదువుతడు.

"సేఠు సాబుకు దండాలు. మీ ఇంట్ల ఉన్నదే అసలుది. గడిలది నకలు, నా చేతి పనే. దయచేసి రాకుండ్రి. వచ్చినా నలుగుట్ల అనకుండ్రి. ఒక ముసలామె బతుకు."

డబ్బాల ఏసినంక గూడ చెయ్యి లోపట్నే పెట్టుకొని నిలబడ్డ. ఎనుకనోడు "ఏందన్నా, చెయ్యి ఇరికిందా" అన్నడు.

ఒట్టు తప్పిన. నోటితోని చెప్పలే గద, చేతితోని రాసిన... ఎవలను మోసం చేస్తున్న నేను?

మార్చి 7. శివరాత్రి

ఒక్కపొద్దు. అన్నం ఎందుకు తింటలేవని ఇయ్యాల ఎవ్వరు అడగలే. రోజు శివరాత్రైతే బాగుండు.

మార్చి 9

గడిల తోముడు షురూ. కుంకుడు రసం, మెత్తటి గుడ్డ. చెంబులు, పన్నీరు బుడ్లు, అత్తరు గిన్నెలు. చేతులు పని చేస్తున్నయి, పానం మాత్రం సేఠు వాకిట్ల ఉన్నది. కవరు ముట్టిందో లేదో. ముట్టితే ఏమనుకున్నడో.

మార్చి 11. బుధవారం

దొరసాని ఇయ్యాల మూట ఇచ్చింది. నల్లగ మసిబారి ఉన్నది. నా పనిని నేనే చూసుకుందామని కొసరి కొసరి తోమిన. పువ్వు తేలింది. మడతబందు పక్కన రేకు మీద బొటనవేలు పెట్టిన.

ఏడు.

మల్ల లెక్కవెట్టిన. ఏడు. ఎండలకు తీస్కపోయి సూదిమొనతోని ఒక్కొక్క చుట్టు ముట్టి లెక్కవెట్టిన. ఏడే! పదహారు రేకులకు ఏడేడు.

ఇది తాత చేసింది. ఇదే అసలుది.

మరి పట్నం పోయింది? నాది. నకలు. మూట కట్టింది బాపే, పట్నం తీస్కపోయింది బాపే. మార్చిండు!

అయ్యో... ఆ కవరు. నా చేతులిరగ! ఎందుకు రాస్తి.

దొరసాని "ఏమైంది లక్ష్మయ్యా, గట్లున్నవ్" అన్నది. ఎండ దెబ్బ అన్న.

మార్చి 12

బాపు గుట్టు ఎవలకన్న ఎరికైతే నన్ను కన్నతల్లికే ఎరికుండాలె. అవ్వ బియ్యంల రాళ్ళేరుతుంది. పక్కన కూసొని అడిగిన. తలగూడ ఎత్తలే.

"నాకెరికే. వాళ్ళయ్య చేసింది ఊరు దాటిపోతదని మీ బాపుకు నాలుగొద్దులు బుక్క దిగలే. మూట కట్టేటప్పుడు ఇటుదటు చేసిండు."

"నాకెందుకు చెప్పలే?"

"నీ మొకంల ఏం దాగుతది? అందరికి కనవడుతది."

అవ్వ మీద కోపమొచ్చింది. బాపు మీద ఇంకా కోపం. "అంటే బాపు దొంగనా" అన్న, గట్టిగనే.

"దొంగైతే ఇంట్ల పెట్టుకునేటోడు. గడిలనే పెట్టిండు గద."

"సేఠు అసలుకనే పైసలిచ్చిండు గద అవ్వా?"

అవ్వ చాట కొట్టుకుంట కూసున్నది.

పొద్దుగూకంగ డాకాఫీసుకు పోయిన. ఏసిన కవరు ఆనాడే పోయిందట. పోక ఏం చేస్తది!

మార్చి 14. శనివారం

సామాను చూసుకునే దినం. గడి నిండ జనం. కుర్చీలు తిరగేస్తుండ్రు, గడియారాలు చెవికి పెట్టుకుంటుండ్రు.

సేఠు రానే వచ్చిండు. తెల్లటి షేర్వానీ, నెమ్మది మనిషి. నన్ను సీదా పక్కకు పిలిచిండు. గొంతు దించి—

"ఉస్తాద్, మీ ఖత్ నా జేబుల ఉన్నది."

నేను ఏదో అనబోయిన. అననియ్యలే. చేతుల మూట ఇప్పి సూపిచ్చిండు. పాందాన్.

"మా నాయిన ఆఖరు దినాలల్ల గూడ మంచం మీదికి తెప్పిచ్చుకొని చూసేటోడు. రేపు రెండు పక్కపక్కన పెడుదం. ఏది అసలో మీరే నలుగుట్ల చెప్పుండ్రి. మా నాయిన ఆత్మ నిమ్మలమైతది."

చూడొచ్చునా అన్న. చేతుల పెట్టిండు. మడతబందు పక్కన... ఆరు. బాపు ఆరు చుట్లు.

రాయడానికి సిగ్గైతుంది, గని రాస్త. గంత భయంల గూడ సంబురమైంది. పంతొమ్మిదేండ్ల పోరని చేతి పనిని పన్నెండేండ్లు మా తాత పని అనుకొని చూసిండ్రు. పట్నంల ఒక్కడు పట్టలే! మల్ల మంచం మీది ముసలాయిన యాదికొచ్చిండు. సంబురం పోయింది.

గడిలది నకలంటే సేఠుకు సంతోషం, నా ఖత్‌కు ఇజ్జత్, బాపుకు ఏ మచ్చ లేదు. దొరసాని ఇల్లు పోతది. గడిలదే అసలంటే బాపు సేఠును మోసం చేసిండని పదిమంది ముంగట చెప్పాలె. నేను అబద్ధం రాసిన్నని గూడ చెప్పాలె. ఏమి చెప్పకుంటే సేఠు జేబులకెళ్ళి కాయితం తీస్తడు.

బస్సుకు వస్తుంటే దొరసాని కనవడ్డది. సందుగ సర్దుకొని పెట్టుకున్నది, మీద తాళపుచెవి. "రేపు జల్ది రా" అన్నది. గంతే.

మార్చి 15. ఆదివారం, పొద్దున

తానం చేసిన. గీటురాయి సంచిల పెట్టిన. మల్ల తీసిన. దాంతోని ఏం పని? రెండు వెండియే.

అవ్వకు అంత చెప్పిన, కవరు సంగతి గూడ. తిడుతదనుకున్న. తిట్టలే. గంజిల ఉప్పేసి ముంగట పెట్టింది.

"ఉన్నదున్నట్టు చెప్పు. పోయినోళ్ళకు ఇల్లు అక్కర లేదు, ఆమెకు గావాలె."

"సేఠు వాళ్ళ నాయిన?"

"ఆయిన గూడ పోయినోడే."

గంజి తాగిన. చెప్పులేసుకున్న. వాకిట్ల దాక వచ్చింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. బాపు పోయిన నాడు గూడ అవ్వ గట్ల నిలబడలే.

"చెప్పు గని బిడ్డా... మీ బాపు పేరు తీసేటప్పుడు జర నిమ్మలంగ అను."

ఇది బస్సు కాడ కూసొని రాస్తున్న. పది గంటలకు హర్రాజు. అందరు ఒర్రుతనే ఉంటరు. ఆడ నిమ్మలంగ అంటే ఎవలకు ఇనవడుతది?

మంథని బస్సు వస్తుంది.