కాళ్లు అందని సైకిలు

నరసమ్మా,

నిన్న నీ సంవత్సరీకం జరిపించాం. ఇవాళ మన మనవరాలు చిన్నికి సైకిలు కొన్నాను. నువ్వు చదవవని తెలుసు, అయినా చెప్పాలి.

పిల్లకి ఏది కొన్నా ఒక సైజు పెద్దది కొనడం నీ పద్ధతి. గౌను కూడా కింద మడత వేయించి కుట్టించేదానివి. అందుకే బీర్‌గావ్ బజారులో సైకిళ్ల దుకాణంలో నేనూ పెద్ద సైకిలే తీయించాను. నేను పోయినా తొక్కుతుందనుకున్నాను.

"తాతా, కాళ్లు అందట్నేదు," అంది చిన్ని.

"పెరుగుతావులే, తొక్కు!"

దుకాణం ముందు రోడ్డు మీద నాలుగు గజాలు వెళ్లిందో లేదో, ఉర్లా ఫ్యాక్టరీల వైపు నుంచి ఇనుము లారీ వచ్చింది. పిల్ల బ్రేకు వేసింది. కాలు నేలకి ఆనలేదు. సైకిలు లారీ వైపే ఒరిగింది. పరుగెత్తి సీటు పట్టుకుని వెనక్కి లాగాను. లారీ గాలి ఇద్దరి మొహాలకీ కొట్టింది.

"కుఛ్ నహీ చాచా, ఏం కాదు, ఏడాదిలో కాళ్లు అందుతాయి," అన్నాడు దుకాణంవాడు.

"ముందు ఆ ఏడాది గడవాలి కదరా!" అన్నాను.

రెండు పాదాలూ నేలకి ఆనే చిన్నదే కొన్నాను. నువ్వుంటే తిట్టేదానివి. రెండేళ్లకే పొట్టిదైపోతుంది, మళ్లీ నేనే కొనాలి. అందాకా నీ దగ్గరికి రాను. ఎదురు చూడకు.