ఒక టిన్ను ఒలీవ నూనె

14-8-1974

బెజవాడ ఆసుపత్రి నుంచి బస్సులో అమ్మను తిరువూరు తెచ్చాం. గర్భసంచి తీసేశారు. గుంట వచ్చినప్పుడల్లా అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఈ రోడ్డుకు ఇన్ని గుంటలున్నాయని నాకిన్నాళ్లూ తెలియదు.

16-8

అమ్మ అన్నం ముట్టడం లేదు. తింటే దొడ్డికి వెళ్లాలి, ముక్కితే కుట్లు తెగిపోతున్నట్టు నొప్పి. నొప్పి మాత్రలు వేసుకుంటే మలం మరీ గట్టిపడుతోందట. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నిజం ఇదే.

17-8

మా వీధి నర్సు ప్రేమావతిగారు కట్టు మార్చి, జావలో రోజూ ఒక స్పూను ఆలివ్ ఆయిల్ కలిపి ఇవ్వమన్నారు. లోపల మెత్తబడుతుంది, నొప్పి తగ్గుతుంది అన్నారు. మెడికల్ షాపులో చిన్న టిన్ను దొరికింది.

నాయనమ్మ గుమ్మంలోనే ఆపింది. ఆపరేషనైన మనిషి నూనె తింటే కుట్లు చీము పడతాయంది. నర్సుగారే చెప్పారన్నాను. చీము పడితే మీ నర్సమ్మ వచ్చి తుడుస్తుందా అంది. మా ఇంట్లో మొదట ఎస్సెస్సెల్సీ పాసైంది నేనే. నాయనమ్మ ముందు అదేం పనికి రాలేదు.

చివరికి, బైబిల్లో ఉండే ఒలీవ నూనె ఇదే నాయనమ్మా అన్నాను. రెండు చేతులతో అందుకుంది. గెలిచాననుకున్నాను.

18-8, ఆదివారం

పాస్టరు కృపానందంగారు వచ్చి ఆ నూనె అమ్మ నుదుటికి రాసి ప్రార్థన చేశారు. ఆయన వెళ్లగానే నేను జావ, స్పూను తెచ్చాను. ప్రార్థన చేసిన నూనె జావలో పోస్తావా, నీ చదువు తగలెయ్య, అని నాయనమ్మ టిన్నును బైబిలు పక్కన పెట్టేసింది. నా మాట నాకే అడ్డం వచ్చింది.

19-8

అమ్మ ఇవాళ జావ కూడా తాగలేదు.

20-8, ఉదయం

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అత్తా, నుదుటికి రాశారు, నుదురు బాగానే ఉంది, నొప్పి కడుపులో కదా ఉంది, అంది.

నాయనమ్మ తనే గూట్లోంచి టిన్ను దించింది. స్పూను నింపి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అంత పొడుగు ప్రార్థన పాస్టరుగారు కూడా చెయ్యరు. జావ చల్లారిపోయింది. ఆమెన్ అన్నాక నూనె అందులో పోసింది. అమ్మ గిన్నె ఖాళీ చేసింది.

22-8

అమ్మ దొడ్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. అంత నొప్పి లేదే అంది. అన్నం అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చింది చాల్లే, వెళ్లి ఎసరు పెట్టు అంది నాయనమ్మ.

3-9

టిన్ను అయిపోయింది. నాయనమ్మ అందులో నీళ్లు పోసి, తిప్పి, గటగటా తాగేసింది. మోకాళ్ల నొప్పులకట. అమ్మ కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. తర్వాత చెయ్యి తీసేసి నవ్వింది.