అందిన మెయిలు, అందని కాగితం

7 జూన్ 2004, తెనాలి
నేటి సమావేశంలో ఈమెయిలు అనాథ అని తేలింది. మా మురుగుకాలువల ఆఫీసులో రికార్డు గది నాది. కంప్యూటర్ గది సురేష్‌ది — కాంట్రాక్టు ఉద్యోగి, ఇద్దరు పిల్లల తండ్రి. కాగితంపై అచ్చయి ముద్ర పడేదాకా ఏదీ రికార్డు కాదని నా వాదన. "పెట్టె నాది సార్, అందులో ఉత్తరాలు మీవి," అని అతనిది. రెండూ నిర్దుష్టమైనవే. కనుక ఎవరూ అచ్చు తీయలేదు.

9 జూన్
ప్రింటర్లో ఇంకు అయిపోయింది. ఇక శాంతి.

14 జూన్
రేపల్లె నుంచి మరియమ్మ. భర్త బాపట్ల సెక్షన్లో లస్కరు, కాలువ గట్లు చూసే పని; విధుల్లోనే పోయాడు. ఆ ఉద్యోగం ఆమెకు రావాలంటే దరఖాస్తు ఏడాదిలోపు మాకు చేరాలి. మే నెలలో, గడువు చివరి రోజున, బాపట్ల సెక్షన్ దానిని మెయిలులో పంపింది. కాగితం ఆలస్యంగా వచ్చింది. "కంప్యూటర్లో ముందే వచ్చిందంట కదండి అన్నయ్యగారూ?" వచ్చింది. ఆ రోజు సురేష్ పిలిచి చూపితే చదివాను. చదవడం స్వీకరించడం కాదని అతనికి బోధించాను కూడా.

15 జూన్
మెయిలు లేదు. మెయిలు పెట్టె నిండిందని మే నెలాఖరున సురేష్ ఖాళీ చేశాడట. "ఉంచమని మీరు చెప్పలేదుగా సార్." నా గదిలో చెదలు తిన్న కాగితం తగలబెట్టాలన్నా పైనుంచి ఉత్తర్వు రావాలి. అతనికి ఒక వేలు చాలు... క్షణకాలం అసూయ.

17 జూన్
బాపట్ల ప్రయాణం. పొన్నూరు దాకా నిలబడే. బాపట్ల సెక్షన్ గుమాస్తా మెయిలు పంపినది ఇంటర్నెట్ సెంటర్ నుంచి. తన దగ్గర ప్రతి ఉంచుకోలేదు. "పంపేశాక మనకెందుకండీ? చేరినచోట ఉంటదిగా." మా మీద ఎంత విశ్వాసం.

21 జూన్
ఇంజినీరుగారి మెమో, ఇద్దరికీ. మెయిలు గడువులోపు వచ్చిందా? వస్తే భద్రపరచవలసినది ఎవరు? చూసినవారు సంతకం చేసి చెబితే దరఖాస్తు పైకి పంపుతారట. రాలేదంటే ఇద్దరమూ నిర్దోషులం. వచ్చిందంటే మరియమ్మకు ఉద్యోగం రావచ్చు — సురేష్‌కు పోవచ్చు. నాకు ఇంక్రిమెంటు కోత.

22 జూన్
టీ దుకాణం. సురేష్ గ్లాసు తిప్పుతూ... "రాలేదని రాసేద్దామా సార్?"
నేను నా గ్లాసు బల్ల మీద పెట్టాను.
"మీరు చదివారుగా సార్."
"చదివాను."
తరువాత ఇద్దరమూ అతిశ్రద్ధగా టీ మీది మీగడ తొలగించాము.

24 జూన్
జవాబు సిద్ధం. మెయిలు వచ్చినది; భద్రపరచవలసిన బాధ్యత ఇద్దరిదీ. సురేష్ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా ఆవిడతో ఒక మాట అనుకుని సంతకం పెడతా సార్."

25 జూన్
సురేష్ రాలేదు. కబురూ లేదు. మరియమ్మ మాత్రం ఉదయం నుంచి వరండాలో. "కాగితం పైకెళ్లిందాండి?" వేరొక తెల్లకాగితం తీశాను. మెయిలు గడువులోపు వచ్చినది, నేను చదివినాను — సంతకం చేశాను. బాధ్యత ఎవరిదో రాయడానికి సంతకం పైన రెండు వరుసలు వదిలాను. ఇంజినీరుగారి జీపు లోపలికి వస్తోంది. ఆ రెండు వరుసలూ ఇంకా ఖాళీ...