ఎంక్వైరీలో వేశారు

బాబాయికి,

నా నోరు చూసి మీరు పేరు పెట్టిన మీ డప్పు నమస్కరించి రాసేది. నా కొంప మునిగింది. బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పేది మా అమ్మాయేనని మీరు అందరికీ చెప్పుకుంటారు కదా, ఇక చెప్పకండి. మొన్న పైనున్న నా మైకు గదిలో టేబుల్ ఫ్యాన్ మొరాయిస్తే ఒళ్ళు మండి, “అటూ ఇటూ తల తిప్పడం, గుర్రుమనడం తప్ప పైసా ఉపయోగం లేదు. తీసి మూల పడేస్తే పీడ పోతుంది” అన్నాను. మైకు కట్టెయ్యడం మర్చిపోయాను. సరిగ్గా అప్పుడే మా మేనేజరుగారు ప్లాట్‌ఫారం మీద నిలబడి అటూ ఇటూ తల తిప్పుతున్నారట. జనం ఆయన్ని చూసి ఒకటే నవ్వు.

ఫ్యాన్‌ని అన్నాను మొర్రో అంటే వినేవాళ్ళేరీ? పై అధికారిని నలుగురిలో అవమానించానట. చెప్పాపెట్టకుండా నన్ను మైకు దగ్గర్నుంచి దించి, జీతం కోసి, ఎంక్వైరీలో వేశారు. పొద్దస్తమానం ప్రశ్నలే ప్రశ్నలు. జవాబులు చెప్పలేక నోరెండిపోతోంది. కార్మికుల కేసులు చూసే ప్లీడరు దగ్గర గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు మీరు. చట్టంలో నాకేమైనా దారి ఉందా?

ఏడుపు ఆపుకుంటూ,
మీ డప్పు

తా.క.: ఫ్యాన్ మాత్రం ఇంకా పై గదిలోనే ఉంది. దానికి ఏ శిక్షా లేదు.

*

చిరంజీవి డప్పుకి,

బాబాయి దీవెనలు. ముందు కళ్ళు తుడుచుకో. నీ మీద అభియోగం ఏమిటో రాసివ్వాలి, నీ సంజాయిషీ తీసుకోవాలి, ఆపైన ఎంక్వైరీ పెట్టాలి, అదంతా అయ్యాకే శిక్ష. వీళ్ళు శిక్ష ముందు వేసి ఎంక్వైరీ తరవాత పెట్టారు, తలకాయలేని సన్నాసులు! సరే, ఎంక్వైరీ అంటూ ఉంది కాబట్టి అందులో ఎలా మెలగాలో చెబుతాను, విను. ఎవరేమడిగినా నోటితో జవాబివ్వకు. కాగితం మీద రాసి సంతకం పెట్టమను. రాయలేనంటే సాక్షిని తెమ్మను. నమ్మకమైన తోటి ఉద్యోగినిని పక్కన కూర్చోబెట్టుకో, అది నీ హక్కు.

నీ వెనకే ఉన్నానని మర్చిపోకు,
బాబాయి

తా.క.: నువ్వు వేళకి తింటున్నావో లేదో అడగమంది మీ పిన్ని. అది కేసుకి సంబంధం లేని ప్రశ్న అన్నాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

*

బాబాయికి,

మీ మాట జవదాటలేదు. ఒక పెద్దాయన వచ్చి, “అమ్మా, నా బస్సు వెళ్ళిపోయిందా?” అన్నాడు. రాసి సంతకం పెట్టమన్నాను. కళ్ళజోడు తేలేదన్నాడు. అయితే సాక్షిని తెమ్మన్నాను. భార్యని తెచ్చాడు. ఆవిడ, “ఈయన తీరుబడిగా టీ తాగుతుంటే మా కళ్ళముందే వెళ్ళిపోయింది” అని మొగుడికి ఎదురు సాక్ష్యం చెప్పింది. ఈలోగా లైను వీధిలోకి పాకింది. టికెట్ల అక్కని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. దాంతో టికెట్ల కిటికీ మూతపడింది.

మేనేజరుగారు పరుగెత్తుకొచ్చి, “ఏమిటిది? నీకేమైనా పిచ్చా?” అన్నారు. రాసివ్వండి సార్ అన్నాను. రాశారు, సంతకం కూడా పెట్టారు. ఆ కాగితం దాచుకున్నాను. నాకా మైకు కావాలి బాబాయ్. చిన్నప్పుడు అందరూ నోరు తగ్గించమన్నవాళ్ళే. నా నోటికి విలువ దొరికింది అక్కడే.

మీ మీదే భారం వేసిన,
డప్పు

తా.క.: సాయంత్రానికల్లా ఆయన నన్ను “మీరు” అనడం మొదలుపెట్టారు.

*

చిరంజీవి డప్పుకి,

నీ ఉత్తరం చదివితే నా రక్తం ఉడికిపోయింది. దారిన పోయే ప్రయాణికుల చేత నిన్ను ప్రశ్నలు అడిగిస్తారా! ముసలి మొగుడూపెళ్ళాల్ని కూడా పిలిపించారా! నా సర్వీసులో ఇలాంటి ఎంక్వైరీ చూడలేదు. ఇక ఆ మేనేజరుతో మాటలనవసరం. పై ఆఫీసుకి అప్పీలు పెట్టు. అభియోగం రాసివ్వలేదనీ, సంజాయిషీ అడగలేదనీ, ఎంక్వైరీ ఇంకా నడుస్తుండగానే దించేశారనీ రాయి. న్యాయం జరక్కపోతే లేబర్ కోర్టుకి వెళ్తానని కూడా రాయి. రిజిస్టర్డ్ పోస్టులో పంపు.

పళ్ళు కొరుకుతూ,
బాబాయి

తా.క.: ఆ టీ తాగిన ఆయన భార్య మంచి సాక్షి. వదులుకోకు.

*

బాబాయికి,

గెలిచాం! మైకు ఇచ్చేశారు, కోసిన జీతమూ ఇచ్చేశారు. ఎలా గెలిచామో మాత్రం కుర్చీ గట్టిగా పట్టుకుని చదవండి. మీరనుకున్న ఎంక్వైరీ విచారణ. నన్ను వేసిన ఎంక్వైరీ, బస్సు ఎప్పుడొస్తుందని జనం అడిగే కిటికీ. ఈ తేడా మనిద్దరికే కాదు, పై ఆఫీసుకీ తెలియలేదు. మన అప్పీలు చూసి అక్కడి పెద్దాయన మా మేనేజరుగారికి ఫోన్ చేస్తే ఆ గొంతు పక్కగది గోడ దాటి నాకు వినిపించింది.

“ఆ అమ్మాయి కేసులో ఎంక్వైరీ ఎవరు చూస్తున్నారయ్యా?”

“ఆవిడే సార్.”

“ఆవిడే? ఎవరు చూడమన్నారు?”

“నేనే సార్. మనిషి గట్టిది. అన్నీ రాతపూర్వకంగా, సాక్షులతో సహా చేస్తోంది.”

మర్నాడే నా శిక్ష రద్దయింది. దాంతోపాటే మేనేజరుగారికో మెమో వచ్చింది. నిందితురాలి చేతే ఆమె మీద విచారణ జరిపించారట. అందుకు ఆయన్ని ఎందుకు దించకూడదో చెప్పాలట.

కడుపుబ్బ నవ్వుకున్నాను. తరవాత ఆయన ఆ కాగితం పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడి, “నేనలా చెయ్యలేదమ్మా. ఎంత చెప్పినా ఎవరూ వినడం లేదు” అన్నారు. నా నవ్వు ఆగిపోయింది. చెయ్యని తప్పు నెత్తిన పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు బాబాయ్. అది పగవాడికి కూడా వద్దు. ఆయన కేసు మీరే చూడాలి.

మీ ఋణం తీర్చుకోలేని,
డప్పు

తా.క.: ఆయన ఇవాళే మీ ఇంటికి బయల్దేరారు. మీ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో మా బస్టాండు మేనేజరుగారికి తెలియదు. పాపం, ఎంక్వైరీలో అడిగి ఎక్కారు.